అక్క ఊరేది, చెల్లి ఊరేది

"అక్కా, నీ కత్తిపీట రేపొక్కరోజు ఇస్తావా?"

"ఎందుకు? నీ ఊరోళ్ళు నీకు స్టీలు బల్ల ఇచ్చారుగా. దాని మీదే కోసి చూపించు."

నాకూ నా చెల్లెలికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. పోయిన కార్తీకమాసంలో అనుకున్నాం. మళ్ళీ కార్తీకం దగ్గరికొచ్చింది. ఇద్దరం బతికే ఉన్నాం. విజయవాడలో కాలవ పక్కన చేపల మార్కెట్టులో దాని చోటుకీ నా చోటుకీ మధ్య ఒక గంప పట్టేంత ఎడం, అంతే. తెల్లారి లారీ దిగిన సరుకు దగ్గర ఇద్దరం ఒకే గుట్ట మీద వంగి ఏరుకుంటాం. దాని మోచెయ్యి నా మోచేతికి తగులుతుంది. మాట ఉండదు. సంచి కావలసి వచ్చినా నన్ను దాటుకుని అవతల రొయ్యలమ్మే ఆమెను అడుగుతుంది.

ఇది రాస్తున్నది దాని కూతురు. నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు పోల్చుకోగలను, అంతకు మించి అక్షరం రాదు. తల్లి మీద నేను పడ్డ అసూయను కూతురి చేత రాయించడం న్యాయమా అంటే కాదు. కానీ నాకు పిల్లలు లేరు, ఈ పిల్ల నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది, అక్షరం గుండ్రంగా రాస్తుంది. రాసిన కాగితాలు తీసుకెళ్ళి వాళ్ళమ్మకు వినిపించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. వినిపిస్తే చెల్లెలు నాతో మాట్లాడవచ్చు. లేదా ఈ జన్మకు ఇంక మాట్లాడకపోవచ్చు. రెండూ తెలిసే చెబుతున్నాను. అమ్మాయి చెల్లెల్ని "ఆమె" అని రాస్తానంది. నేను "అది" అనే రాయమన్నాను. ఎత్తుకుని తిప్పిన పిల్లను ఆమె అంటే నా నోటికి పరాయిగా ఉంటుంది.

మాది బందరు వైపు సముద్రపొడ్డు. నాన్న వలకు వెళ్ళేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. నాకు విజయవాడలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషితో పెళ్ళయింది. ఆయన ఐసు దిమ్మల మీద ఊక కప్పి మార్కెట్టుకు తోలేవాడు. ఆ ఐసు చలవతోనే నాకు అక్కడ చోటు దొరికింది. తరవాత చెల్లెలి మొగుణ్ణి కూడా ఇక్కడికే రమ్మని, ఆటో ఇప్పించి, నా పక్క చోటు దానికి నేనే మాట్లాడి పెట్టాను. మా ఆయన ఒక రోజు దిమ్మ దించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటినుంచి మా బేరం ఒక పద్ధతిలో సాగింది. చెల్లెలికి నోరుంది, అది అమ్మేది. నాకు చెయ్యి ఉంది, నేను కోసేదాన్ని. దాని దగ్గర కొన్న చేప కూడా నా కత్తిపీట మీదికే వచ్చేది. అది ఒక్క చేప సరిగా కోసి ఎరగదు. కోయాల్సిన అవసరం నేను రానివ్వలేదు.

మా మధ్యకు ఆ ఊరు ఎలా వచ్చిందో చెబుతాను. ఆ ఊరి పేరు మూడుసార్లు చెప్పించుకున్నా నా నోట నిలవలేదు, అందుకని ఆ ఊరు అనే అంటాను. సముద్రం అవతల చలి దేశంలో ఉంది. రెండేళ్ళ కిందట ఒకరోజు కొందరు ఆఫీసర్లు మార్కెట్టుకు వచ్చారు. వాళ్ళతో ఈ పని చూసిపెట్టే ఒక సంస్థ మనిషి కూడా వచ్చాడు. కళ్ళజోడు, చేతిలో ఫైలు, చెప్పుల్లోకి చేపనీళ్ళు పోకుండా మడమల మీద నడక.

"అమ్మా, అందరూ వినండి," అన్నాడు. "మన నగరానికీ, విదేశంలో ఒక నగరానికీ సంబంధాలు ఏర్పడుతున్నాయి. దేశానికీ దేశానికీ కాదు, నేరుగా ఊరికీ ఊరికీ. అభివృద్ధి కోసం."

సంబంధాలు అనేసరికి మార్కెట్టు మార్కెట్టంతా నవ్వింది.

"పిల్ల మనదా అండీ, పిల్లోడు మనోడా?" అంది రొయ్యలామె.

"ఢిల్లీలో పెద్దోళ్ళకి తెలవకుండానే ఖాయం చేసుకున్నారా? ఇది లేచిపోడం కాదేంటండీ?" అంది మా సంఘం పెద్దావిడ.

ఆయనా నవ్వాడు పాపం. "పెద్దవాళ్ళ అనుమతి ఉందమ్మా. వాళ్ళు ఒప్పుకున్నాకే మనం మాట్లాడుకుంటున్నాం. పెళ్ళి సంబంధం కాదు ఇది. సిస్టర్ సిటీ అంటారు. రెండు ఊళ్ళూ అక్కచెల్లెళ్ళ లాగా అన్నమాట. వాళ్ళకి పెద్ద చేపల రేవుంది, మార్కెట్టు శుభ్రంగా నడపడం వాళ్ళకి తెలుసు. మన దగ్గర వాళ్ళు నేర్చుకునేవి కూడా ఉంటాయి."

అప్పుడు నేను అడిగాను. "ఇంతకీ అక్క ఊరేది, చెల్లి ఊరేదండీ?"

ఆయన ఫైలు తెరిచి కాగితం చూశాడు. "అట్లా ఏం లేదమ్మా. ఇద్దరూ సమానమే."

"సమానం ఎట్టా అవుతారండీ? ఎవరో ఒకళ్ళు ముందు పుట్టాలిగా."

"కవలలేమోలే అక్కా, పోనీ," అంది చెల్లెలు. మళ్ళీ అందరూ నవ్వారు, ఆయన ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేశాడు.

నేను నవ్వులాటకు అడగలేదు. అక్క అయితే ఒక నడవడి, చెల్లి అయితే ఒక నడవడి. మా ఇంట్లో కొరమేను తలకాయ చెల్లెలి కంచంలో పడేది, తిట్టే హక్కు నాకుండేది. ఇచ్చేది అక్క, అడిగి పుచ్చుకునేది చెల్లి. వచ్చేవాళ్ళకు మనం పెట్టాలో, వాళ్ళని మనం అడగాలో తెలియకపోతే మర్యాద ఎలా చేస్తారని నా సందేహం.

ఆ ఊరి వాళ్ళు వచ్చింది సరిగ్గా కార్తీకమాసంలో. సగం ఊరు నీచు ముట్టని నెలలో చేపల మార్కెట్టు చూపించడానికి తీసుకొచ్చారు. బేరాల్లేవు, ఈగలు కూడా పలచగా ఉన్నాయి. నలుగురు వచ్చారు. అందులో ఒకామె వాళ్ళ మున్సిపాలిటీ తరఫున అక్కడి చేపల మార్కెట్టు నడిపే మనిషి. నా ఈడే ఉంటుంది. ఎండకు ఆమె బుగ్గలు ఎర్రటి టమాటాలయ్యాయి.

ఎదురెళ్ళి బొట్టు పెట్టి ఆహ్వానించాలని మాలో మేమే అనుకున్నాం. అందరిలోకీ పెద్దదాన్నని కుంకుమ పళ్ళెం నేను పట్టుకున్నాను. సంఘం పెద్దావిడ నా దగ్గరికొచ్చి చెవిలో, "నువ్వొద్దులేమ్మా, చెల్లెలికి ఇయ్యి," అంది. చెడ్డ మనిషి కాదు, అలవాటు మనిషి. నేను పళ్ళెం ఇచ్చేశాను. చెల్లెలు నా మొహం చూడకుండా అందుకుంది. అది బొట్టు పెడుతుంటే ఫొటోలు తీశారు. నేను గంపల వెనక నిలబడ్డాను. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఎక్కడ నిలబడాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కానీ ఆ పూట మాత్రం కాళ్ళు వెనక్కి నడవడానికి ఒప్పుకోలేదు.

దండలు తీసి పక్కన పెట్టగానే ఆ టమాటా బుగ్గలామె నేరుగా గంపల వెనక్కి వచ్చింది. ఆమె కళ్ళు నా కత్తిపీట మీద పడ్డాయి. చెక్క పలకను కాలితో తొక్కిపెట్టి, నిటారుగా నిలబడ్డ కత్తికి చేపను ఆనించి కోస్తాం మేము. కత్తి కదలదు, చేపే కదులుతుంది. వాళ్ళ దేశంలో చేప కదలదట, కత్తి తిరుగుతుందట. ఆమె చేతులతో అది చేసి చూపించింది, నేను ఇది చేసి చూపించాను. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి, వదులు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నా పక్కన గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు టకటకా విరిగినట్టు చప్పుడు చేశాయి. కొరమేను జారిపోతుంటే బూడిద రాసి పట్టుకోవడం నేర్పాను. చెయ్యి మీద చెయ్యి వేసి మొప్పల కింద ఎక్కడ ఆనించాలో చూపించాను. మేమిద్దరం అక్కచెల్లెళ్ళమని సంస్థ మనిషి చెప్పాడట, ఆమెకు భలే సరదా అయింది. నన్నూ సిస్టర్ అనేది, దాన్నీ సిస్టర్ అనేది. చెల్లెలు టీ తెచ్చేది, ఫొటోలు తీసేది, మాట మార్చి చెప్పే ఫోను పట్టుకుని ఏదేదో కబుర్లాడేది. నాకు ఫోను అక్కర్లేకపోయింది. రెండు రోజులు ఒక మనిషి నా చేతికేసి అంత శ్రద్ధగా చూడటం మా ఆయన పోయాక అదే మొదలు.

మామిడికాయలొచ్చే రోజుల్లో సంస్థ మనిషి మళ్ళీ వచ్చాడు.

"మీ ఇద్దర్లో చెల్లెలు ఎవరమ్మా?"

"అదిగో, అది," అన్నాను. నా వేలితో నేనే చూపించాను.

"ఆ ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. చెల్లెల్ని పది రోజులు పంపమన్నారు. ఖర్చంతా వాళ్ళదే. మార్కెట్టు నడిపే పద్ధతి చూపిస్తారట."

"నన్నా? అక్కని కాదా?" అంది చెల్లెలు.

"చెల్లెలు అనే ఉందమ్మా. నేనే కదా తెలుగులోకి రాసింది."

అది నాకేసి చూసింది. "అక్కా, ఎల్లనా?"

"పిలిచింది నిన్నయితే నన్నడుగుతావేంటి," అన్నాను.

ఆ రోజునుంచి నాకు పట్టింది. ఉప్పుచేప కడక్కుండా తింటే ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు చూడండి, అలాంటిది. దాని పాస్‌పోర్టు పనుల మీద గవర్నర్‌పేటలో ఫొటో దిగితే ఆ ఫొటో బాగుందని మండింది. చలికోటు కోసం బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి కొట్లన్నీ తిరిగి వస్తే, ఆ తిరుగుడు చూసి మండింది. మార్కెట్టు ఆడవాళ్ళందరూ మూడు ఆటోల్లో గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి సాగనంపారు. నేను మోకాలి నొప్పి అన్నాను. నా మోకాలు ఆ రోజున బాగానే ఉంది.

ఆ పది రోజులూ దాని చోట్లో కూర్చుని దాని సరుకు నేనే అమ్మాను. వచ్చినవాళ్ళల్లా ఒకటే మాట.

"మీ చెల్లెలు ఫారిన్ వెళ్ళిందంటగా?"

"ఆ, వెళ్ళింది. మీరు చేప కొంటానికి వచ్చారా, చెల్లెల్ని కొంటానికా?"

మైలవరం నుంచి ఎన్నో ఏళ్ళుగా ఎండుచేపలకు వచ్చే ఆయన ఆ మాటకు మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెల్లెలికి తెలియదు. రాస్తున్న అమ్మాయికీ ఇప్పుడే తెలుస్తోంది. దాని వాడుకలో ఒక టీచరమ్మ ఉండేది, ప్రతి ఆదివారం దాని దగ్గరే శీలావతి చేప తీసుకునేది, మొప్పలు ఎత్తి చూసే అలవాటు కూడా లేని నమ్మకం. ఆ ఆదివారం నా గంపలో తాజా చేప ఉండగా, దాని గంప అడుగున మొప్పలు నల్లబడ్డ చేప తీసి కోసి ఇచ్చాను. పొరపాటున ఇవ్వలేదు. అది లేని రోజున దాని చోట్లో చెడ్డ చేప వచ్చిందని, దాని పేరే చెడాలని ఇచ్చాను. ముప్పై ఏళ్ళ నా చేతితో అదొక్కటే అలాంటి పని. టీచరమ్మ తరవాత చెల్లెలి దగ్గరకు రావడం మానేసింది. ఎందుకు మానేసిందో తెలియక అది చాలా రోజులు ఆ దారివంక చూసింది. నేను దాని పక్కనే కూర్చుని పొలుసు తీస్తూ ఉండిపోయాను.

అది తిరిగొచ్చాక ప్రతి మాటా "అక్కడ" తోనే మొదలయ్యేది.

"అక్కడ కాలవలోకి ఒక్క పొలుసు కూడా పోనీరక్కా."

"అక్కడ చలికి చేప దానంతటదే ఐసవుద్దిలే."

"అక్కడ మార్కెట్టు గురించి మీటింగు పెడితే చేపలమ్మే ఆడోళ్ళు ఆఫీసర్ల పక్కనే కూర్చుంటారు. వాళ్ళు కాదంటే ఆ పని ఆగిపోద్ది."

"అయితే అక్కడే ఉండిపోయేదానివిగా."

నాకు ఊలు మేజోళ్ళు తెచ్చింది, ఎర్రచారలవి. విజయవాడలో మేజోళ్ళు. ఒక మేజోడుతో కత్తిపీట తుడుచుకున్నాను, అది చూస్తుండగానే. చెల్లెలు రెండోది తీసి మడిచి తన సంచిలో పెట్టుకుంది.

వానలు ముదిరేలోగా మార్కెట్టు మారిపోయింది. ఆ ఊరి వాళ్ళు లెక్కగట్టి గీసిచ్చినట్టు నేలను వాలుగా వేశారు, నీళ్ళు నిలవకుండా పోతున్నాయి. నడుమెత్తు స్టీలు బల్లలు వచ్చాయి. మేము కాలవలోకి విసిరే పేగులూ పొలుసూ ఇప్పుడు డబ్బాల్లోకి వెళ్తున్నాయి, ఒక బండి వచ్చి ఎరువుకు తీసుకుపోతోంది. "గద్దలు పస్తుంటాయి పాపం," అన్నాను నేను. నిజం చెప్పాలంటే కాలివేళ్ళ మధ్య ఎన్నేళ్ళనుంచో మానని పుళ్ళు ఆ వానాకాలమే మానాయి. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మంచి జరిగిందని ఒప్పుకుంటే అది చెల్లెలి ఖాతాలో పడుతుందని నా భయం. అందరూ బల్లల దగ్గర నిలబడితే నేనొక్కదాన్నే నేలమీద కత్తిపీట ముందు కూర్చున్నాను. చెల్లెల్ని మీటింగులకు బెంజ్ సర్కిల్ దగ్గర హోటలుకు కారులో తీసుకెళ్ళేవాళ్ళు. వచ్చి, "ఒక్కొక్కళ్ళ ముందూ ఒక్కో నీళ్ళసీసా పెడతారక్కా," అని చెప్పేది. ఆ సీసా నీళ్ళు నేను కలలో కూడా తాగాను.

కార్తీకం రాగానే ఆ ఊరి వాళ్ళు రెండోసారి వచ్చారు. వాళ్ళొచ్చే ముందురోజు సాయంత్రం చెల్లెలు నా ముందు నిలబడి కత్తిపీట అడిగింది. ఏం జవాబిచ్చానో మొదట్లోనే చెప్పాను. మర్నాడు నేను మార్కెట్టుకు పోలేదు. కత్తిపీటను గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టుకుని, దాని మీద కాపలా ఉన్నట్టు ఆ మంచం మీదే పడుకున్నాను. మార్కెట్టులో ఆ టమాటా బుగ్గలామె కత్తిపీట మీద కోయడం తన ఊరి వాళ్ళకు చూపించమందట. నేను లేకపోయేసరికి చెల్లెలే ఎవరి దగ్గరో పలక వదులైన కత్తిపీట తెచ్చి కూర్చుంది. పలక జారింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెగి కుట్లు పడ్డాయి. నెల రోజులు చెయ్యి పట్టు దొరకలేదు. కట్టు చూసిన రోజున నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట "బాగయింది". ఆ నెలంతా దాని వాడుకవాళ్ళు నా దగ్గర కొన్నారు. నేను సంతోషంగానే అమ్మాను.

అప్పటినుంచి అది మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు.

పదిహేను రోజుల కిందట ఈ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ అయింది, ఇంగ్లీషు బాగా వచ్చు. రెండు ఊళ్ళ స్నేహం మీద చిన్న పుస్తకం వేస్తున్నారని, పాత ఉత్తరాలన్నీ తెలుగులో పెట్టమని సంస్థ వాళ్ళు ఈమెకు అప్పజెప్పారట. వచ్చి నా గుమ్మంలో చెప్పులు విప్పకుండానే అడిగింది.

"పెద్దమ్మా, ఆ ఫారిన్ ఆవిడకి కత్తిపీట మీద కొయ్యటం నేర్పింది ఎవరు?"

"నేనే. మీ అమ్మకి ఎక్కడొచ్చు? ఎందుకే?"

అమ్మాయి లోపలికొచ్చి కూర్చుంది. కాగితం తీసి ఇంగ్లీషులో చదివింది, తరవాత నెమ్మదిగా తెలుగులో చెప్పింది. మీ మార్కెట్టులో నాకు చేప కోయడం నేర్పిన సిస్టర్‌ని మా ఊరికి పంపండి, అని ఉందట.

"చెల్లెల్ని అని ఉందన్నాడుగా ఆయన?"

"చెల్లెలని లేదు పెద్దమ్మా. సిస్టర్ అనుంది. ఇంగ్లీషులో అక్కైనా అదే మాట, చెల్లైనా అదే మాట."

"పెద్దదో చిన్నదో చెప్పకుండా మనిషినెట్టా పిలుస్తారే?"

"పేరు పెట్టి పిలుచుకుంటారు. ఆయన దగ్గరున్న ఫొటోలో బొట్టుపళ్ళెంతో ముందు అమ్మే ఉంది. అందుకని చెల్లెలని రాసేసుంటాడు."

సంతోషం కలగలేదు నాకు. అప్పటిదాకా నా అసూయ ఆక్రమణ స్థలంలో గుడిసె లాంటిది, ఎవరైనా కసిరితే లేచిపోవాల్సిందే. ఆ కాగితంతో దానికి పట్టా దొరికింది. నాకు దక్కాల్సింది చెల్లెలు తినేసింది. లేచి చీర దోపుకున్నాను, మార్కెట్టు నడిబొడ్డున నిలబడి అడిగేద్దామని. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ అమ్మకి తెలుసా ఇది?" అన్నాను.

అమ్మాయి కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఉత్తరంలో ఏముందో తెలీదు. కానీ అక్కడ విమానం దిగాక ఆవిడ అమ్మని కావిలించుకుని, అమ్మ భుజం మీంచి వెనక్కి చూసిందంట. ఇంకెవరో రావాల్సున్నట్టు. అమ్మకి అప్పుడే అర్థమైందంట."

"మరి వచ్చాక నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"చంపేసేదాన్ని."

"అందుకే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు కోపంతో పాటే వచ్చింది.

తరవాత అమ్మాయి చెప్పింది వినండి. ఆ ఊళ్ళో మా కత్తిపీట ఫొటో చూసి అలాంటిదే ఒకటి చేయించి పెట్టారట. ఒక పెద్ద హాలులో ఊరివాళ్ళందరినీ పిలిచి, చెల్లెల్ని దాని ముందు కూర్చోబెట్టారట. దానికి కోయడం రాదు. చేప నలిగిపోయిందట. అది లేచి నిలబడి ఫోనులో తెలుగులో చెప్పిందట: "నాకు సరిగా రాదండీ. అక్క చాలా గొప్పగా కోస్తుంది. అక్క ముందు నేనెంత." ఫోను దాన్ని మార్చి ఏమందో మరి, సిస్టర్ గొప్పది, సిస్టర్ ముందు మేమెంత అని అందేమో, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. వాళ్ళ ఊరిని పొగిడిందనుకున్నారు. సిస్టర్ సిటీ కదా. చెల్లెలు మళ్ళీ చెప్పబోతే మళ్ళీ కొట్టారట. అక్కడి పెద్దాయన వచ్చి శాలువా కప్పాడట.

నన్ను పొగిడితే నాకు రావలసిన చప్పట్లు ఒక ఊరికి పోయాయి. అది విన్నాక కూడా ముందు నాకు తట్టింది అదే. చెల్లెలు అంతమందిలో నలిగిన చేప ముందు ఎలా నిలబడి ఉంటుందన్నది ఆ తరవాత తట్టింది, ఇంటికి తాళం వేసి పంపు దగ్గరికి నీళ్ళకు పోతుంటే. అది నా చోట్లో పది రోజులు ఉండి నా పేరు చెప్పింది. నేను దాని చోట్లో అదే పది రోజులు ఉండి నల్లమొప్పల చేప అమ్మాను. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. వెనకామె తిట్టాక పక్కకు జరిగాను.

ఈ కార్తీకంలో వాళ్ళు మళ్ళీ వస్తారు. వచ్చే ఏడు ఇక్కణ్ణుంచి ఇంకొకళ్ళను పంపుతారట. "ఈ ఉత్తరం చూపిద్దాం పెద్దమ్మా, నిన్నే పంపుతారు," అంటోంది అమ్మాయి. సొంత తల్లి సంగతి అయ్యుండి అంటోంది, అది దాని మంచితనం. నాకు వెళ్ళాలని ఉంది. లేదని అబద్ధమాడను. ఆ హాలు చూడాలని ఉంది, ఆ టమాటా బుగ్గలామె నా భుజం వెనక్కి చూడకుండా నన్నే చూడాలని ఉంది. కానీ ఉత్తరం ఆఫీసులో పెట్టిన రోజున చెల్లెలు అక్క బదులు పోయొచ్చిన మనిషవుతుంది. ఆ మాట మార్కెట్టులో ఒక్కసారి పుట్టిందంటే బతికినన్నాళ్ళూ దాన్ని వదలదు. మా వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు, అందులో నాదీ ఒక నోరు.

అందుకని ఉత్తరం చూపించొద్దన్నాను. ముందు ఇది రాయమన్నాను. ఇది దానికి చేరాక, టీచరమ్మ చేప సంగతితో సహా విన్నాక, నువ్వెళ్ళు అక్కా అని దాని నోటితో అంటే వెళ్తాను. అనకపోతే వెళ్ళను. అసూయ పోయిందని మాత్రం రాయించను. నిన్న కూడా దాని బల్ల దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు, నా దగ్గర ఎవరూ లేరు, నాకు మండింది. మండుతూనే చూశాను, కుట్లు పడిన చోట దాని బొటనవేలు పూర్తిగా వంగడం లేదు. పెద్ద చేప ఎత్తాలంటే ఎడంచెయ్యి ఆసరా తీసుకుంటోంది. ఇంతకాలం పక్కనే ఉండి నేను అది చూడలేదు. చూసి ఊరుకున్నానేమో.

ఇంక చాల్లేవే అమ్మాయ్. ఆ చేప సంగతి దగ్గర నీ కలం ఆగింది, నేను చూశాను. అది కొట్టెయ్యకు. ఇప్పుడు మొదటినుంచి చదువు. గబగబా చదవకు, మీ అమ్మకి చదివినట్టు చదువు. దాని చెవులతో విని చూస్తాను, పంపాలో చింపాలో అప్పుడు చెప్తాను. కానియ్, చదువు.